తలుపు తాళం వేసి ఉంది

ఆ పేటలో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్‌కి ఒక దురలవాటు ఉంది. తాగుడు కాదు, పేకాట కాదు. జాలి. జాలి కూడా దురలవాటేనా అని ముక్కు మీద వేలేసుకోకండి. సంతకాలు తీసుకునే ఉద్యోగంలో ఉన్నవాడికి అది దురలవాటే. చివరికి ఆయన ఇంటిని మింగింది అదే.

రిజిస్టరు ఉత్తరం అంటే పేటలో అందరికీ దడే. శుభవార్తని ఎవరూ డబ్బు దండగ చేసుకుని రిజిస్టరు చేయరు కదా. పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగి, సంచీలోంచి సంతకాల కాగితం తీస్తున్నాడంటే చాలు, ఎదురుగా ఉన్న మనిషి ముఖంలో రంగు మారిపోయేది. ‘బాబాయ్, ఈ ఒక్కసారికీ నేను ఇంట్లో లేనని రాసెయ్యవా, నెలాఖరుకి ఏదో ఒకటి చూసుకుంటాను’ అనేవాళ్ళు. ఆయన అటూ ఇటూ చూసేవాడు. కవరు వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, ‘తలుపు తాళం వేసి ఉంది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, తేదీ వేసి, కింద పొట్టి సంతకం గిలికేవాడు. ఆ ఉత్తరం ఏడు రోజులు పోస్టాఫీసు బీరువాలో పడుకుని, ఆ తర్వాత పంపినవాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళిపోయేది. పైసా లంచం పుచ్చుకోలేదు. ఎప్పుడైనా ఒక గ్లాసు టీ, అంతే.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన బుర్రలో పాతుకుపోయిన సూత్రం ఒక్కటే. సంతకం పడని ఉత్తరం చేరినట్టు కాదు. పోస్టాఫీసు నాలుగు గోడల మధ్య అది నిజమే. గోడ అవతల ఆ ఉత్తరం గతి ఏమిటని ఆయన ఎవర్నీ అడగలేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. వీధి మలుపులో బట్టలు కుట్టుకునే ఆవిడకి అలా మూడుసార్లు రాసిపెట్టాడు. కొన్నాళ్ళకి ఆ ఇంటి గుమ్మంలో కొత్త మనుషులు కనిపించారు. అమ్ముకుని ఎటో వెళ్ళిపోయింది కాబోలు అనుకుని, కొత్తవాళ్ళ పేరు తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఇక ఆయన ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు ఇద్దరు కూర్చునేంత వరండా. పక్కనుంచి మెట్లు పైకి వెళ్తాయి. పైన ఏమీ లేదు, డాబా మీద నాలుగు ఇనుప ఊచలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. ఎప్పటికైనా పైన ఒక గది వేసి అద్దెకివ్వాలని ఆశ. ఇరవై ఏళ్ళ అప్పు మీద కట్టిన ఇల్లు, పదకొండేళ్ళు కట్టేశారు. ఆయన భార్య పక్క వీధి చిన్నబడిలో ఆయాగా చేసేది. ఆవిడ జీతం బ్యాంకుకి, ఈయన జీతం పొట్టకి అని మొదట్లోనే లెక్క తేల్చుకున్నారు. అప్పుకి హామీగా సంతకం పెట్టింది ఆవిడ తమ్ముడు. రెండు వీధుల అవతల అతనికి లేత్ మెషిను షాపు ఉంది, షాపు వెనకే కాపురం. అక్కంటే ప్రాణం. అక్కకి ఇల్లు అమరుతోందంటే కాగితాల కట్టని తిరగేసి కూడా చూడలేదు, సంతకాలు పెట్టుకుంటూ పోయాడు.

చిన్నబడిలో పిల్లలు తగ్గిపోయారు. ఒక ఏడాది చివర తలుపులు మూసి, ఆయాలందరికీ ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపించేశారు. ఆవిడ ఆ డబ్బు తెచ్చి భర్త చేతికిచ్చి, ‘ఇక మీదట ఎలాగండీ?’ అంది.

‘నేను చూసుకుంటాలే, నువ్వు బెంగపెట్టుకోకు’ అన్నాడు.

ఈ మాట అనడం మగవాళ్ళకి ఎంత తేలికో! చూసుకోవడానికి ఆయన దగ్గర ఏముంది? ఒకే జీతంతో ఇల్లూ, బ్యాంకూ రెండూ గడవవు. ఒక నెల వాయిదా తప్పింది. రెండో నెలా తప్పింది. బ్యాంకు నుంచి ఫోను వస్తే, ‘మా ఆవిడ ఉద్యోగం పోయిందండీ, కాస్త ఓపిక పట్టండి’ అని ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత ఆ నంబరు చూస్తే ఎత్తడం మానేశాడు. భార్య అడిగితే ‘కడుతున్నాను’ అన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు ఆయన గొంతు మామూలు కంటే మెత్తగా ఉండేది. ఆవిడ దాన్ని ప్రేమ అనుకుంది.

మూడో నెల తప్పిన కొద్ది రోజులకి, పొద్దున్నే పోస్టాఫీసులో రిజిస్టరు ఉత్తరాలు పంచిపెట్టే గుమస్తా ఒక కవరు ఎత్తి చూపించి నవ్వాడు.

‘ఇదిగో, నీ పేరు మీదే వచ్చింది. ఇక్కడే సంతకం పెట్టి తీసేసుకో, సైకిలు తొక్కే శ్రమ తప్పుతుంది.’

కవరు మూల మీద బ్యాంకు ముద్ర. పోస్ట్‌మ్యాన్‌కి అది నోటీసేనని తోచింది. ‘ఇంటి చిరునామాకి వచ్చింది ఇంటి దగ్గరే తీసుకోవాలి. రూలు రూలే’ అని తెచ్చిపెట్టుకున్న నవ్వు నవ్వి, దాన్ని తక్కిన కట్టలో కలిపేశాడు.

ఆ రోజు తన వీధికి వచ్చాక, తన ఇంటికి రెండిళ్ళ ముందే సైకిలు ఆపాడు. వరండాలో భార్య దుప్పట్లు ఆరేస్తోంది. తలుపు బార్లా తీసి ఉంది. ఊరందరికీ చేసిన సాయం తనకి తాను చేసుకుంటే తప్పేమిటి? కవరు వెనక్కి తిప్పి, ఎప్పటి గుండ్రటి అక్షరాలతోనే, ‘తలుపు తాళం వేసి ఉంది’ అని రాశాడు. సాయంత్రం కవరు తిరిగి అప్పగిస్తుంటే గుమస్తా కళ్ళజోడు మీదనుంచి ఒకసారి చూశాడు. స్నేహితుడు కదా, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

నెల తర్వాత ఇంకో కవరు, ఈసారి బాగా దళసరిగా. మళ్ళీ అదే మాట రాశాడు. మూడోదానికీ అంతే. ప్రతిసారీ బరువు దిగినట్టుండేది. పై అధికారుల కళ్ళుగప్పి గడువు సంపాదిస్తున్నాననే అనుకున్నాడు, పాపం. ఈలోగా ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పుకి దరఖాస్తు పెట్టాడు. అది చేతికి రాగానే తప్పిన వాయిదాలన్నీ ఒక్కసారి కట్టేసి, భార్యకి తెలియకుండానే కథ ముగించాలని ఆయన ఎత్తు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి భార్య గుమ్మం బయట నిలబడి ఉంది. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఇద్దరు మనుషులు వచ్చి, అంటించి, ఫొటో తీసుకుని, మారుమాట లేకుండా వెళ్ళిపోయారట. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

‘మన పేర్లున్నాయి. తమ్ముడి పేరు కూడా ఉంది. ఈ ఇల్లు బ్యాంకు స్వాధీనం చేసుకుందట. ఎవరూ కొనకూడదట, అమ్మకూడదట. ఏమిటండీ ఇది?’

ఆయన కాగితం అంచు గోటితో గీరాడు. ‘పొరపాటున అంటించి ఉంటారు.’

‘నెలనెలా కడుతున్నారు కదా?’

ఆయన వెనక్కి తిరిగి సైకిలుకి స్టాండు వేశాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చి, ‘పదండి బ్యాంకుకి’ అంది.

బ్యాంకులో వీళ్ళ అప్పు చూసే అధికారిణి చిన్న వయసు మనిషే, మర్యాదస్తురాలే. ఇద్దరికీ కుర్చీలు చూపించి, ఫైలు తెప్పించి, మెల్లగా చెప్పింది.

‘వరసగా మూడు వాయిదాలు తప్పితే ఖాతా మొండిబాకీల్లోకి వెళ్ళిపోతుందండీ. అప్పుడు నోటీసు ఇస్తాం. అరవై రోజులు గడువు. ఆలోగా కట్టొచ్చు, లేదా అభ్యంతరం ఏదైనా ఉంటే రాసివ్వొచ్చు. మేం జవాబు చెప్పి తీరాలి. రెండూ చెయ్యకపోతే ఇల్లు మా స్వాధీనంలోకి వచ్చినట్టు తలుపుకి అంటిస్తాం. తర్వాత వేలం.’

‘నాకు నోటీసు అందలేదండీ’ అన్నాడు పోస్ట్‌మ్యాన్. ఇన్నాళ్ళూ దాచుకున్న ఆయుధం అదొక్కటే. ‘నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. కావాలంటే చూసుకోండి.’

‘వెనక్కి వచ్చిందండీ. అందుకే రెండు పేపర్లలో వేయించాం. పేపర్లో పడిన రోజు నుంచి అందినట్టే లెక్క. అరవై రోజులూ అయిపోయాయి.’ అధికారిణి ఫైలులోంచి మూడు కవర్లు తీసి బల్ల మీద పరిచింది. మూడూ విప్పనివే. మూడింటి వెనకా నల్ల సిరాతో ఒకే వాక్యం. ‘ఎప్పుడు పంపినా తాళమే ఉందట. ఊళ్ళో లేరా మీరు?’

భార్య మొదటి కవరు చేతిలోకి తీసుకుంది. ఇంటి సరుకుల చీటీల మీద, గోడ క్యాలెండరు మీద రోజూ చూసే చేతిరాత అది. తేదీ చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

‘ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను’ అంది, ఎవరి ముఖమూ చూడకుండా. ‘దుప్పట్లు ఉతికాను. తలుపు తీసే ఉంది.’

అధికారిణికి అర్థం కాలేదు. అర్థమైన మనిషి తల దించుకుని కూర్చున్నాడు. భార్య ఆ కవరు చించింది. అది నోటీసు కానే కాదు. ఒక్క పేజీ ఉత్తరం. కుటుంబ ఆదాయం తగ్గిందని మీరు ఫోనులో తెలియజేసినందున, నెల వాయిదా తగ్గించి అప్పు గడువు పెంచే విషయం మాట్లాడటానికి పదిహేను రోజుల్లోగా బ్రాంచికి రావలసిందని ఉంది. ఆవిడ దాన్ని పైకే చదివింది, ఒక్క అక్షరం మింగకుండా. బడిలో పిల్లల పేర్లు పిలిచి అలవాటైన గొంతు కదా, హాలంతా వినిపించింది.

‘ఇప్పుడు కుదరదా అమ్మా?’ అని అడిగింది.

‘అప్పుడైతే కుదిరేదండీ. నేనే చేసేదాన్ని’ అంది అధికారిణి. ‘ఇప్పుడు మొత్తం బాకీ, వడ్డీ, ఖర్చులతో సహా వేలం లోపల కట్టేస్తే ఇల్లు మీకే ఉంటుంది. వాయిదాలంటే నా చేతుల్లో లేదు.’

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో వీధి మలుపు వచ్చింది. బట్టలు కుట్టుకునే ఆవిడ ఒకప్పుడు ఉన్న ఇల్లు. ఆవిడ అమ్ముకుని వెళ్ళలేదని ఆయనకి అప్పుడు తెలిసింది. అలాంటివి ఇంకెన్ని రాశాడు? ఇరవై ఎనిమిదేళ్ళ జాలిని లెక్కపెడదామని మొదలుపెట్టి, పది దాటాక భయమేసి ఆపేశాడు. భార్య నాలుగడుగులు ముందు నడుస్తోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

చేయగలిగిందల్లా చేశారు. ఎవరో చెబితే ఒక వకీలు దగ్గరికి వెళ్ళారు. ఆయన కాగితాలన్నీ చూసి హుషారుగా బల్ల మీద కొట్టాడు.

‘మీరు ఇంట్లో ఉండగానే తాళం అని రాశాడా? ఇంకేం, నోటీసే చెల్లదందాం! ఆ పోస్ట్‌మ్యాన్‌ని సాక్షిగా పిలిపిద్దాం. దొంగ రాతలు రాసినందుకు ఉద్యోగం ఊడుతుంది వెధవకి.’

‘ఆ వెధవని నేనేనండీ’ అన్నాడు పోస్ట్‌మ్యాన్.

వకీలు పెన్నుకి మూత పెట్టేశాడు. ఇంటి కోసం నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఇల్లూ నిలవదు. చెప్పకపోతే మూడుసార్లు తాళం వేసుకుని తప్పించుకున్న మనిషిగానే ఫైలులో ఉండిపోతాడు. ఎటు చూసినా గోడే. వకీలు ఫీజు మాత్రం పుచ్చుకోలేదు, అదొక్కటే ఆయన చేసిన సాయం.

మేమే అమ్ముకుని బాకీ తీర్చుకుంటామని బ్యాంకుని బతిమాలి, ఒప్పించి, బ్రోకరుని పిలిచారు. అతను గదులు చూడకుండానే పెదవి విరిచాడు. ‘పేపర్లో పడ్డ ఇంటికి ధర పెట్టి ఎవరు కొంటారండీ? వేలం దాకా ఆగితే సగానికే వస్తుందని అందరికీ తెలుసు.’ ప్రావిడెంట్ ఫండ్ డబ్బు వచ్చింది. ఆవిడ గాజులు వెళ్ళాయి. తమ్ముడు తన దగ్గర ఉన్నదంతా తెచ్చి అక్క ఒడిలో పోశాడు. అన్నీ కలిపినా మొత్తం బాకీలో మూడో వంతుకి అందలేదు. ఆ కాసిన్ని డబ్బులూ కట్టినా వేలం ఆగదన్నారు. తమ్ముడి డబ్బు తమ్ముడికి తిరిగి ఇచ్చేశారు.

వేలం అంటే ఎవరో నలుగురు వచ్చి ఇంటి ముందు నిలబడి అరుస్తారనుకుంది ఆవిడ. ఆ రోజు పొద్దుటి నుంచీ వరండాలో కాచుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. అంతా కంప్యూటర్లోనే జరిగిపోయిందని మధ్యాహ్నం ఫోనులో చెప్పారు. పదకొండేళ్ళ ఇల్లు ముప్పావు గంటలో వేరేవాళ్ళదైంది. బ్రోకరు అన్నట్టు సగం ధరకే.

ఖాళీ చేయించడానికి కోర్టు ఉత్తర్వుతో నలుగురొచ్చారు, ఇద్దరు పోలీసులు వెంట. ఒకాయన గది గదికీ తిరిగి జాబితా రాసుకున్నాడు. సామాను ముందే చిన్న వ్యానులోకి ఎక్కించేశారు. ఆవిడ మాత్రం వంటింట్లోంచి రాలేదు. వెళ్ళి చూస్తే, ఉద్యోగం ఉన్న రోజుల్లో తన జీతంలో మిగిల్చి కొన్న ఇత్తడి కుళాయిని పానాతో విప్పుతోంది.

‘గోడకి బిగించినవి ఇంటితో పాటేనమ్మా, ఉంచెయ్యండి’ అన్నాడు జాబితా ఆయన. కసురుకోలేదు.

‘ఇది నేను కొన్నదండీ. బిల్లుంది.’

‘ఉన్నా సరేనమ్మా.’

సగం విప్పిన కుళాయిలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఆవిడ దాన్ని మళ్ళీ గట్టిగా బిగించింది. పాపం, వేరేవాళ్ళ ఇల్లు తడిసిపోకూడదని కాబోలు. అప్పుడు ఏడ్చింది. అన్ని నెలల్లో అదే మొదటిసారి, బావురుమని, గట్టు పట్టుకుని. పోస్ట్‌మ్యాన్ భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించి కొట్టింది.

ఇప్పుడు వాళ్ళుండేది అద్దెకి తీసుకున్న ఒంటి గది. కాపురం పోలేదు గానీ కాపురంలో మాటలు పోయాయి. ఆవిడ అడగదు, ఆయన చెప్పడు. పంపకానికి వెళ్ళినప్పుడు ఆయన పాత ఇంటికి కూడా ఉత్తరాలు ఇవ్వాలి. కొత్తవాళ్ళు మంచివాళ్ళే, మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు. వద్దంటాడు.

ఇల్లు పోయింది కదా, అప్పు కూడా దానితోనే పోయిందనుకున్నాడు. పోలేదు. వేలంలో వచ్చింది బాకీకి సరిపోలేదు. వడ్డీ, పేపరు ప్రకటనలు, వేలం ఖర్చులు అన్నీ కలిపి ఇంకా మిగిలిందట. ఆ మిగిలింది జీతంలోంచి కట్టుకోగలిగితే ఈయన కట్టాలి. లేకపోతే హామీ ఇచ్చిన మనిషి కట్టాలి. ఈయన కట్టుకోలేడని బ్యాంకు ముందే తేల్చుకుంది.

మొన్న పొద్దున్న గుమస్తా ఒక రిజిస్టరు కవరు పట్టుకుని తటపటాయించాడు. ‘మీ బావమరిదికి. ఇవాళ దీన్ని వేరే అతని చేత పంపించనా?’

‘వద్దు. నేనే ఇస్తాను.’

లేత్ షాపులో మెషిను తిరుగుతోంది. బావని చూసి అతను స్విచ్చి ఆపి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. కవరు మీద ముద్ర చూశాడు. వెనకగదిలో భార్య ఉందేమోనని అటొకసారి చూశాడు.

‘ఒక్క నెల బావా. ఇంట్లో లేనని రాసెయ్. ఇంట్లో తెలిస్తే గొడవైపోతుంది. ఈలోగా ఏదో ఒకటి చేస్తాను.’

‘వద్దురా. నా మాట విను. ఇప్పుడే తీసుకో, విప్పి చదువు, ఇవాళే బ్యాంకుకి వెళ్ళు. నేనూ వెంట వస్తాను.’

‘నువ్వు వెంట ఉండబట్టే కదా ఇక్కడిదాకా వచ్చాను!’ అతని గొంతు పెరిగింది. ‘పేటలో దారిన పోయేవాళ్ళందరికీ రాసిపెట్టావు. నీకు నువ్వు రాసుకున్నావు. నా దగ్గరికొచ్చేసరికి రూలు గుర్తొచ్చిందా?’

పోస్ట్‌మ్యాన్ పెన్ను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అతను లాక్కున్నట్టు పెన్ను తీసుకుని, కాగితం చిరిగేలా సంతకం గీశాడు. కవరు విప్పకుండానే మెషిను మీద పడేశాడు.

‘అక్కకి చెప్పు. ఇక మా గుమ్మం తొక్కొద్దని చెప్పు.’

ఆ వీధిలో ఇంకా పదకొండు ఇళ్ళకి ఉత్తరాలున్నాయి. అన్నీ ఇచ్చి, ఆఫీసులో కాగితాలు అప్పగించి, పొద్దువాలే వేళకి గది చేరాడు. భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చాలా రోజుల తర్వాత తనంతట తానే పలకరించింది.

‘తమ్ముడి షాపు మీదుగా వెళ్ళారా ఇవాళ? ఎలా ఉన్నాడు?’

ఇక జన్మలో ఆవిడ దగ్గర ఏదీ దాచకూడదని ఇల్లు ఖాళీ చేసిన రోజే ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అందుకని చెప్పాడు. కవరు సంగతీ, అతను అడిగిన సంగతీ, తను రాయనన్న సంగతీ, గుమ్మం తొక్కొద్దన్న సంగతీ, మొత్తం చెప్పాడు.

ఆవిడ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

‘ఈ ఒక్కటీ నాకు చెప్పకుండా ఉండాల్సింది’ అంది.